‘డిడ్ నాట్ కేమ్’ వెనకాల ఉన్న తెలుగు

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద గదిలో సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుంటాను. డిగ్రీ అయిపోయి ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలే ఎక్కువ. వాళ్ళ మధ్య ఒక కుర్రాడు వేరేగా కనిపించేవాడు. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. పగలంతా ఆ ఘాటులోనే ఉండి నేరుగా క్లాసుకి వచ్చేవాడు. అతను వచ్చి కూర్చున్న రెండు నిమిషాలకి ముందు బెంచీలో తుమ్ములు మొదలయ్యేవి.

ఒక రోజు క్లాసు అయ్యాక ఆగిపోయి ఫోన్ చేతికిచ్చాడు. “సార్, ఢిల్లీ పార్టీకి మెయిల్ పెట్టాలి. ఒక్కసారి చూడండి, టెన్షన్‌గా ఉంది” అన్నాడు. అందులో ఇలా ఉంది:

“యెస్టర్‌డే లారీ హ్యాజ్ కేమ్. మై ఓనర్ గో టు కోల్డ్ స్టోరేజ్, చెక్ ద స్టాక్ అండ్ సెంట్ శాంపిల్. వుయ్ డిడ్ నాట్ సెంట్ బిల్. యువర్ అకౌంట్స్ మేడమ్ కాల్డ్, హి టోల్డ్ ద రేట్. వుయ్ విల్ పే లారీ రెంట్. ఐ హ్యాడ్ కాల్డ్ యూ ఆన్ మండే. ప్లీజ్ రిప్లై టు మై ఓనర్ అండ్ ఐ. ఇఫ్ ఎనీ ప్రాబ్లమ్, మైసెల్ఫ్ విల్ కమ్.”

“ఎన్ని తప్పులున్నాయి సార్?” అన్నాడు. “అవి తర్వాత లెక్కపెడదాం గానీ, ముందు దీన్ని తెలుగులో చెప్పు” అన్నాను. గడగడా చెప్పేశాడు: “నిన్న లారీ వచ్చింది. మా ఓనరుగారు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి, సరుకు చూసి, శాంపిల్ పంపారు. బిల్లు పంపలేదు. మీ అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేసి రేటు చెప్పారు. లారీ కిరాయి మేం ఇస్తాం. సోమవారం నేను మీకు ఫోన్ చేశాను. మా ఓనరుగారికీ నాకూ రిప్లై ఇవ్వండి. ఏదైనా ప్రాబ్లమ్ ఉంటే నేనే వస్తాను.”

ఒక్క తప్పు లేదు. శుభ్రమైన తెలుగు. ఇంగ్లీషు మెయిల్లో ఉన్న తప్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. ఆ కుర్రాడికి గ్రామర్ రాక కాదు. తెలుగు గ్రామర్ బాగా వచ్చి, దాన్నే ఇంగ్లీషు మాటలకి తొడిగాడు. ఎక్కడ తెలుగు మనల్ని దారి తప్పిస్తుందో, ఎక్కడ తెలుగే దారి చూపిస్తుందో తెలిస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. గోడకి వేలాడదీసిన వీ వన్, వీ టూ, వీ త్రీ పట్టిక, అంటే గో, వెంట్, గాన్ అని క్రియకి మూడు రూపాలూ వరసగా రాసిన పట్టిక, ఒక్కటే ఈ పని చెయ్యలేదు. నా గదిలోనూ ఒకటి ఉంది. అందరూ దాన్ని కంఠతా పడతారు, నోరు తెరిస్తే మాత్రం ‘హ్యాజ్ కేమ్’ అంటారు.

ఆ ‘హ్యాజ్ కేమ్’ నుంచే మొదలుపెడదాం. కొట్టు బయట లారీ హారన్ కొట్టింది. లోపల్నుంచి ఎవరో “లారీ వచ్చింది” అని కేకేశారు. వారం తర్వాత అదే మనిషి లెక్క రాయిస్తూ “పోయిన మంగళవారం లారీ వచ్చింది” అన్నాడు. రెండుచోట్లా మనకి ‘వచ్చింది’ ఒక్కటే మాట. ఇంగ్లీషువాడికి ఇవి రెండు వేరు వేరు సంగతులు. మొదటిదానికి ‘ద లారీ హ్యాజ్ కమ్’ అంటాడు, ఎందుకంటే లారీ ఇంకా వాకిట్లోనే ఉంది, హమాలీల్ని పిలవాలి, జరిగిపోయిన పని ఇప్పటి పరిస్థితిని మార్చింది. రెండోదానికి ‘ద లారీ కేమ్ లాస్ట్ ట్యూస్‌డే’ అంటాడు. ఆ లారీ ఎప్పుడో వెళ్ళిపోయింది, ఆ మంగళవారమూ అయిపోయింది.

తెలుగు ఈ తేడాని క్రియ మీద పెట్టదు. ‘వచ్చి ఉంది’ అనే రూపం ఉంది గానీ అది వేరే సందర్భానిది, మాటల్లో అంతగా వాడం. అందుకని మనవాళ్ళకి ‘హ్యావ్’ అనేది భూతకాలానికి కాస్త మర్యాద కలిపినట్టు అనిపిస్తుంది. మెయిల్లో, ఇంటర్వ్యూలో దాన్ని విరివిగా చల్లుతారు. ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2019’ అనే వాక్యాన్ని నేను వినని వారం లేదు. 2019 అయిపోయింది కదా, అక్కడ ‘ఐ కంప్లీటెడ్’ అంటే చాలు. సంవత్సరం చెప్పకుండా ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్’ అంటే అదీ సరైనదే, నా చేతిలో ఇప్పుడు డిగ్రీ ఉంది అని అర్థం.

గుర్తు పెట్టుకోవాల్సింది కాలం చెప్పే మాట. నిన్న, మొన్న, పోయిన సోమవారం, రెండు రోజుల క్రితం, 2019లో లాంటి అయిపోయిన కాలం వాక్యంలో కనిపిస్తే ‘హ్యావ్’ని దగ్గరికి రానివ్వొద్దు. ఇప్పటిదాకా, ఇంకా, ఎప్పుడైనా, అప్పుడే అయిపోయిందా లాంటివి ఉంటే ‘హ్యావ్’కి చోటుంది. ఈ రెండో దాంట్లో అమెరికా వాళ్ళు కాస్త ఉదారులు. బ్రిటన్‌లో ‘ఐ హ్యావ్ ఆల్‌రెడీ ఈటెన్’ అనే చోట అమెరికాలో ‘ఐ ఆల్‌రెడీ ఏట్’ అనేస్తారు. కాబట్టి అమెరికా క్లయింటు నోట ఆ మాట విని అతని గ్రామర్ దిద్దబోకండి.

ఇక ‘హ్యాజ్’ పక్కన ‘కేమ్’ రాకూడదన్నది వేరే సంగతి. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ ఏది వచ్చినా దాని పక్కన వీ త్రీయే కూర్చుంటుంది. కమ్‌కి వీ త్రీ మళ్ళీ కమ్మే. కమ్, కేమ్, కమ్. వెళ్ళినవాడు తిరిగి ఇంటికొచ్చినట్టు.

మెయిల్లో రెండో వాక్యం నాకు చాలా ఇష్టం. ‘గో టు కోల్డ్ స్టోరేజ్, చెక్ ద స్టాక్ అండ్ సెంట్ శాంపిల్’. మొదటి రెండు క్రియలకి కాలం లేదు, చివరిదానికి మాత్రం ఉంది. ఇదేదో అజాగ్రత్త అనుకుంటాం. తెలుగులో చూడండి: వెళ్ళి, చూసి, పంపారు. వెళ్ళి, చూసి అనేవి అసమాపక క్రియలు. వాటికి కాలమూ లేదు, ఎవరు చేశారన్నదీ లేదు. ‘వెళ్ళి’ అన్న మాట రేపటికీ పనికొస్తుంది, నిన్నటికీ పనికొస్తుంది. ఆ బరువంతా చివర్న ఉన్న ‘పంపారు’ మోస్తుంది. పొద్దున లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, బస్సెక్కి, బెజవాడ వెళ్ళి, పని చూసుకుని వచ్చాను అని ఏడు క్రియలు కట్టినా, భూతకాలం ఒక్క ‘వచ్చాను’లోనే ఉంటుంది. రైలుకి ఇంజను ఒక్కటే ఉన్నట్టు. మన ఇంజను మాత్రం చివర్న ఉంటుంది.

ఇంగ్లీషులో ప్రతి పెట్టెకీ సొంత ఇంజను కావాలి. వెంట్, చెక్‌డ్, సెంట్. మూడు పనులు నిన్నే జరిగితే మూడింటికీ వీ టూ. కాబట్టి రాశాక వెనక్కి వెళ్ళి, తెలుగులో ‘వెళ్ళి, చూసి, తిని’ అని ఇకారంతో ముగిసిన ప్రతి క్రియ దగ్గరా వేలు పెట్టి చూసుకోవాలి. మన పిల్లలకి తప్పిపోయేది కచ్చితంగా అక్కడే.

అయితే ఇదే జోరులో ‘వెంట్ టు సా ద స్టాక్’ అని రాసేవాళ్ళూ ఉన్నారు. అక్కడ తెలుగు కాపాడుతుంది. ‘చూడటానికి వెళ్ళారు’ అంటాం, ‘చూశారటానికి’ అనం కదా. ‘టానికి’ అని వచ్చేచోట ఇంగ్లీషులో ‘టు’ పెట్టి వీ వన్ రాయాలి, అంతే. వెంట్ టు సీ.

తర్వాతది ఈ వ్యాసానికి పేరు పెట్టిన తప్పు. డిడ్ నాట్ సెంట్, డిడ్ నాట్ కేమ్, డిడ్ నాట్ వెంట్. దీన్ని మాత్రం తెలుగు మీదికి నెట్టడానికి లేదు. ఎందుకంటే ఇక్కడ తెలుగూ ఇంగ్లీషూ అచ్చం ఒకేలా నడుస్తాయి. ‘రాలేదు’ని విడగొట్టండి. రా, లేదు. ‘పంపలేదు’ని విడగొట్టండి. పంప, లేదు. మొదటి ముక్కలో కాలం లేదు. ఎవరు రాలేదన్నదీ లేదు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అని అవుననేటప్పుడు మనిషి మనిషికీ మారే క్రియ, కాదనేసరికి ఒక్కటే అయిపోతుంది. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, లారీ రాలేదు. ఇంగ్లీషులోనూ అంతే. ఐ డిడ్ నాట్ కమ్, హి డిడ్ నాట్ కమ్, ద లారీ డిడ్ నాట్ కమ్. మన ‘లేదు’ చేసే పనే వాళ్ళ ‘డిడ్ నాట్’ చేస్తోంది. ‘వచ్చాలేదు’ అని ఏ గుంటూరు పసివాడూ అనడు. ‘డిడ్ నాట్ కేమ్’ అంటే అచ్చంగా అదే.

ఈ మాట చెప్పగానే మా మిర్చి కుర్రాడు కాసేపు ఆలోచించి, “అంటే సార్, ఒక టిక్కీని ఇద్దరు హమాలీలు ఎత్తుకున్నట్టు” అన్నాడు. యార్డులో మిరప బస్తాని టిక్కీ అంటారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. భూతకాలం అనే టిక్కీని ‘డిడ్’ ఎత్తుకున్నాక పక్కవాడు ఖాళీ చేతులతో నడవాలి.

మరి ఇంత సులువైన చోట ఇంతమంది ఎందుకు తప్పుతారు? నా అనుమానం భయం. నిన్నటి సంగతి చెబుతున్నాం, ఎక్కడ భూతకాలం వదిలేస్తామో అని దొరికిన ప్రతి క్రియకీ దాన్ని తగిలిస్తారు. ప్రశ్న దగ్గర మాత్రం కాస్త తెలుగు పాత్ర కూడా ఉంది. ‘వచ్చాడా?’ అన్నప్పుడు మనం నిండు భూతకాల క్రియకే ‘ఆ’ చేరుస్తాం. అందుకే ‘డిడ్ హి కేమ్?’ అని నోటికొస్తుంది. ప్రశ్న అడిగేముందు దాన్ని మనసులో ‘రాలేదా?’ అని మార్చుకుని, ఆ ‘రా’ ముక్కని పట్టుకోమని చెబుతాను. డిడ్ హి కమ్?

‘ఐ బార్న్ ఇన్ తెనాలి’ గురించి ఒక్క మాట. తెలుగులో మనంతట మనమే పుడతాం. ఇంగ్లీషులో ఎవరో మనల్ని కంటారు. అందుకే ‘ఐ వాజ్ బార్న్’.

‘గో’కి భూతకాలం ‘వెంట్’ ఏమిటి, ‘గోడ్’ అంటే పోయేది కదా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు విసుక్కుంటారు. నేను ‘రా’ అని బోర్డు మీద రాసి, దీనికి భూతకాలం చెప్పమంటాను. ‘వచ్చాడు’. రా ఎక్కడ, వచ్చాడు ఎక్కడ? ఒక్క అక్షరమైనా కలిసిందా? తే అంటే తెచ్చాడు, చావలేదు అంటే చచ్చాడు, ఇవ్వలేదు అంటే ఇచ్చాడు. వీటికి పట్టిక చూపించి మనకెవరూ బెత్తంతో నేర్పలేదు. రోజుకి యాభై సార్లు విని వచ్చేశాయి.

ఇంగ్లీషులోనూ మొండికేసే క్రియలు రోజూ వాడేవే. బీ, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, నో, టేక్, సీ, కమ్. ఎక్కువగా వాడే క్రియల వరస తీస్తే మొదటి పదీ ఇలాంటి మొండివే. కారణం ఉంది. రోజూ నలిగే మాట పాత రూపాన్ని వదులుకోదు, ఎప్పుడో గానీ వాడని మాటకి జనం పాత రూపం మర్చిపోయి ‘ఎడ్’ తగిలించేస్తారు. 2007లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో పాత ఇంగ్లీషుకి చెందిన 177 మొండి క్రియల్ని తీసుకుని చూస్తే, ఈనాటికి 98 మాత్రమే అలా మిగిలాయని తేలింది. మిగతావి ‘ఎడ్’ దారిలోకి వచ్చేశాయి. హెల్ప్‌కి ఒకప్పుడు ‘హోల్ప్’ అనేవాళ్ళు. ‘వెంట్’ అసలు గో పిల్ల కాదు. వెండ్ అనే పాత క్రియది. సెండ్‌కి సెంట్ ఎలాగో వెండ్‌కి వెంట్ అలాగ. గో ఇంటికి దత్తత వచ్చి అక్కడే స్థిరపడింది.

వీటిని అక్షర క్రమంలో కాక చెవికి తగిలే జట్లుగా నేర్చుకుంటే త్వరగా పట్టుబడతాయి. సింగ్, స్యాంగ్, సంగ్ ఒక జట్టు; డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్ దాని తోడు. బై, బాట్, బ్రింగ్, బ్రాట్, థింక్, థాట్, టీచ్, టాట్ ఇంకో జట్టు. ఇందులో బాట్‌కీ బ్రాట్‌కీ మధ్య ఒక్క ‘ర’ వత్తే తేడా, కానీ ఒకటి కొన్నాను, ఇంకోటి తెచ్చాను. బిల్లు దగ్గర ఈ తేడా డబ్బుతో సమానం. కట్, పుట్, హిట్ అసలు మారనే మారవు. రీడ్ విషయంలో తెలుగు లిపి ఇంగ్లీషు లిపికంటే నిజాయితీపరురాలు. వాళ్ళు రెండింటికీ ఒకే స్పెల్లింగ్ రాసి రీడ్ అనీ రెడ్ అనీ చదువుతారు. మనం రాస్తే రెండూ కళ్ళకే వేరుగా కనబడతాయి.

అలాగే ‘ఎడ్’ని పలకడం. స్పెల్లింగ్ చూసి వాకెడ్, కాలెడ్, వాషెడ్ అంటారు చాలామంది. బళ్ళో సంధులప్పుడు చదివిన పరుషాలు, సరళాలు గుర్తు తెచ్చుకోండి. క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు. క్రియ చివర పరుషం వినబడితే ‘ఎడ్’ కూడా పరుషమై ‘ట్’ అవుతుంది: వాక్ట్, స్టాప్ట్, వాచ్ట్. స, ష, ఫ కూడా ఆ జట్టులోనే ఉంటాయి: పాస్ట్, వాష్ట్, లాఫ్ట్. మిగతా వాటికి సరళం ‘డ్’: కాల్డ్, ప్లేడ్, లివ్డ్. క్రియ చివర ట్ గానీ డ్ గానీ ఉంటే మాత్రం నాలుక తిరగదు కాబట్టి మధ్యలో అచ్చు దూరుతుంది: వాంటెడ్, నీడెడ్. పైన ‘చెక్‌డ్’ అని నేను రాసినదీ పలికేటప్పుడు ‘చెక్ట్’. సరళాదేశ సంధి ఎందుకు నేర్పారో అని తిట్టుకున్న మా బ్యాచ్ వాళ్ళకి ఆ రోజు కాస్త సంతోషం వేసింది.

‘ఐ హ్యాడ్ కాల్డ్ యూ ఆన్ మండే’. ఈ ‘హ్యాడ్’ మన దేశపు ఆఫీసుల్లో బాగా పెరిగిన మొక్క. కాస్త పాత సంగతైతే హ్యాడ్ అనుకుంటాం. హ్యాడ్‌కి పాతదనంతో పని లేదు, వరసతో పని. గతంలో రెండు సంగతులుండి, ఒకటి రెండోదానికంటే ముందే అయిపోయిందని చెప్పాల్సి వస్తే అప్పుడు కావాలి. ‘నేను బెజవాడ స్టేషన్‌కి వెళ్ళేసరికి పినాకిని వెళ్ళిపోయింది’. ఇందులో ‘వెళ్ళేసరికి’ అన్న మాటే గుర్తు. వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద పినాకిని హ్యాడ్ లెఫ్ట్. హ్యాడ్ తీసేసి ‘లెఫ్ట్’ అంటే నేను వెళ్ళగానే, నా కళ్ళముందే బండి కదిలిందని అర్థం. ఒంటరిగా హ్యాడ్ వాడితే చదివేవాడు రెండో సంగతి కోసం ఎదురు చూస్తాడు. సోమవారం ఫోన్ చేశావు సరే, ఆ తర్వాత ఏమైంది అని. ఏమీ కాకపోతే ‘ఐ కాల్డ్ యూ ఆన్ మండే’.

ఇక సర్వనామాలు. ‘డు, ము, వు, లు ప్రథమా విభక్తి’ అని పాడుకుంటూ పెరిగిన మనకి ఇవి కష్టం కాకూడదు. ఇంగ్లీషు తన విభక్తుల్ని చాలా మటుకు పారేసుకుంది. నామవాచకాలకి ‘రవీస్ బుక్’లో ఉండే ‘స్’ లాంటిది తప్ప ఏవీ మిగల్లేదు, ఎవరు ఎవర్ని కొట్టారో మాటల వరసని బట్టి తెలుసుకోవాల్సిందే. సర్వనామాల్లో మాత్రం కొన్ని మిగిలాయి. ఐ, మీ, హి, హిమ్, షి, హర్, వుయ్, అస్, దే, దెమ్.

‘రిప్లై టు మై ఓనర్ అండ్ ఐ’ తప్పని ఎలా తెలుసుకోవాలి? తెలుగులో ‘ఓనరుగారికీ నాకూ’ అన్నాడు. మనం ఇద్దరికీ విడివిడిగా ‘కి, కు’ తగిలిస్తాం. ‘ఓనరుగారికీ నేనూ రిప్లై ఇవ్వండి’ అనం. నేను అని వస్తే ఐ. నన్ను, నాకు, నాతో, నా మీద అని వస్తే మీ. కాబట్టి ‘మై ఓనర్ అండ్ మీ’. మరి అతను ‘ఐ’ ఎందుకు రాశాడు? చిన్నప్పుడు ‘మీ అండ్ రవి వెంట్’ అన్నందుకు ఎవరో చివాట్లు పెట్టి ‘రవి అండ్ ఐ’ అనాలని చెప్పి ఉంటారు. అప్పట్నుంచి ‘మీ’ అంటే మొరటు, ‘ఐ’ అంటే చదువుకున్నవాళ్ళ మాట అని మనసులో పడిపోయింది. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళలోనూ ఈ జబ్బు ఉంది, ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అనేవాళ్ళు అక్కడా బోలెడుమంది.

ఈ ‘నాకు’ పరీక్షలో ఒక గుంట ఉంది, చెప్పకపోతే పడతారు. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఆకలేస్తోంది, నాకు జ్వరమొచ్చింది, నాకు ఇద్దరు తమ్ముళ్ళు. వీటన్నిటికీ ఇంగ్లీషులో ‘ఐ’. మనకి ఆకలి వచ్చి వేస్తుంది, జ్వరం వచ్చి పడుతుంది, మనం ఊరికే ఉంటాం. ఇంగ్లీషువాడు వీటిలోనూ తానే కర్త అంటాడు. అందుకే ‘ఫర్ మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్’ అనే గుంటూరు ఇంగ్లీషుని ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’గా మార్చుకోవాలి. తమాషా ఏమిటంటే ఒకప్పుడు వాళ్ళూ మనలాగే అనేవాళ్ళు. పాత పుస్తకాల్లో కనిపించే ‘మీథింక్స్’ అనే మాటకి అర్థం ‘నాకనిపిస్తోంది’. అందులో ఐ లేదు, మీ ఉంది.

అకౌంట్స్ మేడమ్ ‘హి’ ఎలా అయింది? ‘మేడమ్ చెప్పారు’. ఈ ‘చెప్పారు’లో ఆడా లేదు, మగా లేదు, గౌరవం ఉంది. గారు, వారు, తను, మీరు అన్నిటిలోనూ అంతే. తెలుగులో మర్యాదగా మాట్లాడుతున్నంతసేపూ మనకి ఆ వివరం అక్కర్లేదు. ఇంగ్లీషులోకి రాగానే గౌరవం తీసేసి ఆడో మగో తేల్చమంటారు. తొందరలో నోటికి ఏదొస్తే అది వచ్చేస్తుంది. గౌరవాన్ని వదులుకోలేక ‘మై ఫాదర్ దే కేమ్’ అనేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళమీద నాకు కోపం రాదు. కానీ ఇంగ్లీషులో నాన్నగారైనా ప్రధానమంత్రైనా ‘హి’నే.

‘యూ’ దగ్గర మాత్రం వాళ్ళే అందరికీ మర్యాద ఇస్తారు. పాతకాలంలో నువ్వుకి ‘దౌ’ ఉండేది. అది వాడుకలోంచి పోయింది, బహువచనమైన ‘యూ’ అందరికీ మిగిలింది. అందుకే ఎదురుగా ఒక్కడే ఉన్నా ‘యూ ఆర్’, ‘యూ వర్’. నువ్వు ఉన్నావు అనుకుంటే ‘యూ వాజ్’ అని వస్తుంది. ఇంగ్లీషులో చిన్నపిల్లాడికి కూడా ‘మీరు ఉన్నారు’ అనే చెబుతున్నామనుకోండి, ‘వర్’ దానంతటదే వస్తుంది.

‘వుయ్ విల్ పే లారీ రెంట్’లో గ్రామర్ తప్పు పెద్దగా లేదు. అయినా నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. తెలుగులో ‘మేం ఇస్తాం’ అంటే కొట్టువాళ్ళు ఇస్తారు. ‘మనం ఇద్దాం’ అంటే ఢిల్లీ పార్టీకీ అందులో వాటా ఉంది. ఇంగ్లీషు ‘వుయ్’కీ, హిందీ ‘హమ్’కీ ఈ తేడా తెలియదు. కిరాయి ఎవరిదన్నది వేల రూపాయల సంగతి. అలాంటిచోట సర్వనామాన్ని నమ్ముకోకుండా కొట్టు పేరే రాయమన్నాను.

‘మైసెల్ఫ్ విల్ కమ్’ పుట్టింది ‘నేనే వస్తాను’లోని ఏకారం నుంచి. నేనే అంటే ‘ఐ విల్ కమ్ మైసెల్ఫ్’. మైసెల్ఫ్ ఒక్కటే కర్త స్థానంలో కూర్చోలేదు. దానికి సరైన చోటు మన ‘కొను’ ఉన్నచోట: చెయ్యి కోసుకున్నాను, నన్ను నేనే తిట్టుకున్నాను. ‘మైసెల్ఫ్ సురేష్’ అని పరిచయం చేసుకునేవాళ్ళకి ఇంతకంటే చెప్పను, ‘ఐ యామ్’ అనడానికి ఎక్కువ ఊపిరి కూడా పట్టదు.

అంతా అయ్యాక అతనే కూర్చుని మెయిల్ మళ్ళీ రాశాడు. “ద లారీ కేమ్ యెస్టర్‌డే. మై ఓనర్ వెంట్ టు ద కోల్డ్ స్టోరేజ్, చెక్‌డ్ ద స్టాక్ అండ్ సెంట్ ద శాంపిల్. వుయ్ డిడ్ నాట్ సెండ్ ద బిల్.” అక్కడ ఆగి, “ఇంకా పంపలేదు, రేపు పంపుతాం సార్. అలాంటప్పుడు?” అన్నాడు. ఆ ప్రశ్న విన్నాక నాకిక చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. “ఇంకా అన్నావుగా” అన్నాను. కొట్టేసి ‘వుయ్ హ్యావ్ నాట్ సెంట్ ద బిల్ యెట్’ అని రాసుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత క్లాసు మధ్యలో మళ్ళీ ఫోన్ పట్టుకుని లేచాడు. ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. ‘యువర్ లారీ ఈజ్ రీచ్డ్’ అని ఉంది అందులో. రోజూ ఉత్తరాది పార్టీలతో బేరాలాడే కుర్రాడు కాబట్టి హిందీ అతనికి బాగానే వచ్చు. కాసేపు ఆ వాక్యాన్నే చూసి, నవ్వు ఆపుకుంటూ అన్నాడు: “సార్, దీని వెనక ‘పహుంచ్ గయీ హై’ ఉంది. ఆ ‘హై’నే ‘ఈజ్’ చేశారు.”